అమ్మ ఏనాడూ పొగ తాగలేదు, మరి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎలా వచ్చింది?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పొగాకు పండించే ఊరు. అమ్మకు 54 ఏళ్లు. ఏనాడూ బీడీ గానీ చుట్ట గానీ నోట పెట్టలేదు. నాన్న మాత్రం ముప్ఫై ఏళ్లకు పైగా తాగుతున్నారు. సంక్రాంతి అప్పటి నుంచి అమ్మకు దగ్గు. ఊళ్లో ఆర్‌ఎంపీ సిరప్‌లు ఇచ్చారు, తగ్గలేదు. టౌన్లో ఎక్స్‌రే తీసి మచ్చ ఉంది, టీబీ అని మందులు మొదలుపెట్టారు, తెమడ పరీక్ష చేయలేదు. రెండు నెలలు వాడినా దగ్గు తగ్గలేదు, ఏడు కిలోలు తగ్గిపోయింది, ఆయాసం కూడా వచ్చింది. ఇప్పుడు సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగంలో 4 సెంటీమీటర్ల గడ్డ, పక్కన నీరు ఉన్నాయట. క్యాన్సర్ కావచ్చు, ముక్క తీసి పరీక్ష చేయాలంటున్నారు. సూది గుచ్చితే ఒళ్లంతా పాకుతుందని మా పెదనాన్న, మేనమామ వద్దంటున్నారు, పసరు మందు ఇచ్చే ఆయన దగ్గరికి వెళ్దామంటున్నారు. తన పొగ వల్లే వచ్చిందని నాన్న అన్నం సరిగా తినడం లేదు. అమ్మకు ఇంకా టీబీ అనే చెబుతున్నాం. మేం ఏం చేయాలి? ఇది నాకూ, నా పిల్లలకూ వస్తుందా?

సమాధానం:

అమ్మా, ముందు అసలు విషయం చెప్పేస్తాను, మిగతాది నెమ్మదిగా చదువుకోండి. ముక్క పరీక్ష చేయించండి. అమావాస్య వెళ్లాక, మంచిరోజు చూసుకుని అంటూ వాయిదా వేయకండి, ఈ వారంలోనే చేయించండి. ఆ రిపోర్టు రాకుండా ఎవరు చెప్పినా కీమో మొదలుపెట్టించకండి, పసరూ తాగించకండి. ఎందుకంటే ఇది క్యాన్సరే అయితే మీ అమ్మగారికి ఏ మందు పనిచేస్తుందో చెప్పగలిగేది ఆ చిన్న ముక్క ఒక్కటే. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా స్కాన్ చూసి ఆ సంగతి చెప్పలేరు.

నేను ముప్ఫై ఏళ్లుగా ఊపిరితిత్తుల జబ్బులే చూస్తున్నాను. మీరు రాసిన వరస నాకు బాగా తెలిసిన వరసే. దగ్గు, సిరప్, ఎక్స్‌రేలో మచ్చ, టీబీ మందులు, రెండు మూడు నెలలు పోయాక స్కాన్. మా సొంత మేనత్తకూ ఇలాగే జరిగింది. ఒక నర్సింగ్‌హోమ్‌లో తెమడ చూడకుండానే టీబీ మందులు రాశారు, ఆవిడ ఆరు నెలల కోర్సూ ఒక్కరోజు తప్పకుండా మింగింది. నేనప్పుడు వేరే ఊళ్లో చదువుకుంటున్నాను, మందులు పడటం లేదురా అని ఆవిడ ఫోన్ చేస్తే "మధ్యలో ఆపకు అత్తా" అని చెప్పింది నేనే. తెమడ పరీక్ష చేశారా అని మాత్రం అడగలేదు. అందుకే ఇప్పుడు ప్రతి ఒక్కరినీ ముందు అదే అడుగుతాను.

అలాగని టీబీ అనుకున్న డాక్టరును నేను తిట్టను. ప్రపంచంలో టీబీ ఉన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, మూడు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం, తెమడలో రక్తపు జీర, ఎక్స్‌రేలో పైభాగంలో మచ్చ అంటే ఇక్కడ ఎవరికైనా మొదట గుర్తొచ్చేది టీబీయే. క్యాన్సర్‌కూ ఇవే లక్షణాలు. రెండింటినీ వేరు చేయాల్సింది పరీక్షే, అదే జరగలేదు. తెమడను సీబీనాట్ లేదా ట్రూనాట్ మెషీన్‌లో పెడితే కొద్ది గంటల్లో తేలిపోతుంది, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఇప్పటికైనా చేయించండి. ముక్క తీసేటప్పుడు కూడా అందులో కొంత టీబీ పరీక్షకు పంపమని అడగండి. ఇంకా, టీబీ మందులు సరిగ్గా పడితే కొద్ది వారాల్లోనే జ్వరం పోయి ఆకలి పుడుతుంది, మనిషి తేరుకుంటుంది. రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గిందంటే రోగం పేరే మరోసారి చూసుకోవాలి. ఒక్కోసారి రెండు జబ్బులూ కలిసి ఉంటాయి, పాత టీబీ మచ్చ ఉన్నచోటే క్యాన్సర్ పుట్టడం కూడా ఉంది. కాబట్టి టీబీ మందులు మీ అంతట మీరు ఆపకండి, ఛాతీ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

ఈ టీబీ మందుల గురించి ఇంకో మాట, దీన్ని కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకోండి. మూత్రాన్ని నారింజ రంగులోకి మార్చే మాత్ర ఉంటుంది చూడండి, రిఫాంపిసిన్, అది క్యాన్సర్‌కు వాడే కొన్ని మాత్రలను ఒంట్లోంచి తొందరగా బయటికి పంపేస్తుంది. అంటే క్యాన్సర్ మాత్ర రోజూ వేసుకుంటున్నా ఒంటికి పట్టేది తక్కువే. అలాగే మన ఇళ్లలో టిఫిన్‌కు ముందు అలవాటుగా వేసుకునే గ్యాస్ మాత్ర కూడా జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి మాత్రలను పొట్టలో సరిగ్గా కరగనివ్వదు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మ వాడే ప్రతి మందూ, బీపీది, షుగరుది, గ్యాస్‌ది, చూర్ణం ఉంటే చూర్ణం కూడా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టండి. పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పడం కన్నా అదే మేలు.

ఇక సూది భయం. మీ పెదనాన్నగారు అబద్ధం చెప్పడం లేదు, ఆయన కళ్లారా చూసిందే చెబుతున్నారు. పాతికేళ్ల కిందట మన పల్లెల్లో క్యాన్సర్ ఉన్నవాళ్లు ఆస్పత్రికి వచ్చేసరికే జబ్బు ఒళ్లంతా పాకి ఉండేది. ముక్క తీసేవారు, నెలా రెండు నెలల్లో మనిషి పోయేవారు. ఊరికి మిగిలిన జ్ఞాపకం సూది, ఆ తర్వాత చావు. సూది గుచ్చిన దారిలో కణాలు అంటుకోవడం అనేది ఊపిరితిత్తుల విషయంలో చాలా చాలా అరుదు, ఆ భయంతో పరీక్ష మానుకుంటే జరిగే నష్టం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. నిజంగా ఉండే ఇబ్బంది వేరే ఉంది, అదీ చెబుతాను: బయటి నుంచి సూదితో ముక్క తీసినప్పుడు కొందరిలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది. అందుకే తర్వాత కొన్ని గంటలు ఉంచుకుని ఎక్స్‌రే తీస్తారు. గాలి కొద్దిగా ఉంటే దానంతటదే తగ్గుతుంది, ఎక్కువుంటే చిన్న ట్యూబు వేస్తారు. కాస్త రక్తం పడటం కూడా ఉంటుంది. రక్తం పలచబడే మాత్రలు, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పాలి.

మీ అమ్మగారి విషయంలో అసలు గడ్డ దాకా వెళ్లే అవసరం రాకపోవచ్చు కూడా. పక్కన చేరిన నీరు, మన ఊళ్లలో నెమ్ము అంటామే, అది సూదితో తీయడం తేలిక, నీరు తీస్తే ఆయాసం కూడా తగ్గుతుంది. ఆ నీటిలో క్యాన్సర్ కణాలు దొరికితే వాటితోనే రోగ నిర్ధారణ అవుతుంది, జీన్ పరీక్షలకూ పనికొస్తాయి. కాకపోతే నీరంతా పారబోసి ఒక చిన్న సీసాతో సరిపెట్టకుండా ఎక్కువ మోతాదులో ల్యాబ్‌కు పంపి "సెల్ బ్లాక్", అంటే నీటిలోని కణాలను ఒకచోట చేర్చి ముక్కలా గట్టిపరచడం, చేయించమని అడగండి. నీటిలో ఏమీ దొరక్కపోతే అప్పుడు సీటీ చూస్తూ సూదితోనో, గొంతులోంచి గొట్టం పంపే బ్రాంకోస్కోపీతోనో, ఛాతీ మధ్యలో బిళ్లలు కట్టి ఉంటే ఈబస్ అనే అల్ట్రాసౌండ్ గొట్టంతోనో తీస్తారు. ఏ దారిలో తీసినా మీరు డాక్టరుగారిని అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: "జీన్ పరీక్షకు సరిపడా ముక్క వస్తుందా అండీ?" చాలాచోట్ల క్యాన్సర్ అని తేలగానే ముక్క అయిపోతుంది, మళ్లీ గుచ్చాల్సి వస్తుంది. ముక్క చాలకపోతే రక్తంతో చేసే పరీక్ష కూడా ఉంది, అందులో మార్పు కనిపిస్తే నమ్మొచ్చు, కనిపించకపోతే మాత్రం లేదని అనుకోకూడదు.

ఈ జీన్ పరీక్ష గురించి ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఊపిరితిత్తుల క్యాన్సర్ అనేది ఒక్క జబ్బు కాదు. మైక్రోస్కోపు కింద చూస్తే నూటికి పదిహేను దాకా "స్మాల్ సెల్" రకం, అది వేగంగా పెరుగుతుంది, ఎక్కువగా పొగ తాగేవాళ్లలోనే వస్తుంది. మిగతా ఎనభై అయిదు వేరే రకాలు, అందులో ముఖ్యమైనవి ఎడినోకార్సినోమా, స్క్వామస్. పొగ తాగని ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఎడినోకార్సినోమా. ఈ రకంలో మన దేశంలో సుమారు నలుగురిలో ఒకరికి ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉంటుంది, పొగ తాగని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువమందికి ఉంటుంది. ఆ జీన్‌ను కణం పెరగాలా వద్దా అని చెప్పే స్విచ్ అనుకోండి. మార్పు వచ్చాక ఆ స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. దాన్ని నొక్కి పెట్టే మాత్రలు ఉన్నాయి. ఇంట్లోనే, రోజుకో మాత్ర. మంచం దిగలేని మనిషి మూడు వారాల్లో తనంతట తాను నడిచి నా గదిలోకి రావడం నేను చూశాను. అందరికీ అలా జరగదు, మార్పు లేనివాళ్లకు ఈ మాత్ర ఇస్తే కీమో కన్నా తక్కువే పనిచేస్తుంది, 2009లో వచ్చిన ఒక పెద్ద ఆసియా అధ్యయనం ఈ సంగతి తేల్చేసింది. అందుకే "ఆడమనిషి, పొగ తాగలేదు, మాత్ర వేసి చూద్దాం" అని పరీక్ష లేకుండా మొదలుపెట్టకూడదు. ఈజీఎఫ్ఆర్‌తో పాటు ఆల్క్, రాస్ వన్ అనే జీన్‌లు, పీడీఎల్ వన్ అనే ప్రొటీన్ కూడా చూడమనండి, డబ్బు కుదిరితే జీన్‌లన్నీ ఒకేసారి చూసే ఎన్‌జీఎస్ పరీక్ష మేలు. ఆల్క్ మార్పు కొద్దిమందిలోనే ఉంటుంది గానీ, ఉంటే లార్లాటినిబ్ అనే మాత్రతో అయిదేళ్ల తర్వాత కూడా నూటికి అరవై మందిలో జబ్బు ముదరకుండా ఉందని 2024లో ఫలితాలు వచ్చాయి. రిపోర్టుకు రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆ రోజులు చాలా టెన్షన్‌గా గడుస్తాయి, తెలుసు. అయినా మనిషి మరీ ఇబ్బందిలో లేకపోతే ఆగడమే మంచిది.

రిపోర్టు కోసం ఎదురుచూస్తూనే జబ్బు ఎంతవరకు వెళ్లిందో చూసే పరీక్షలు పూర్తిచేసుకోండి. పెట్ స్కాన్, మెదడుకు ఎంఆర్ఐ. ఈ క్యాన్సర్ మెదడుకు, ఎముకలకు, కాలేయానికి, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులకు వెళ్తుంది. తలనొప్పి లేదు కదా ఎంఆర్ఐ ఎందుకు అనకండి, నొప్పి లేకుండానే మెదడులో చిన్న మచ్చలు ఉండొచ్చు.

మీకు నిజమే చెప్పాలి. ఆ నీటిలో క్యాన్సర్ కణాలు ఉంటే అది నాలుగో దశ కింద లెక్క. అప్పుడు ఆపరేషన్ చేయరు. డాక్టర్లు చేతులెత్తేశారని చుట్టాలు అనుకుంటారు గానీ, గడ్డ ఒక్కటి తీసేసినా జబ్బు పోదు కాబట్టి చేయరు. నాలుగో దశను పూర్తిగా పోగొట్టడం చాలా అరుదు, అదుపులో పెట్టడం మాత్రం ఇప్పుడు చాలామందికి సాధ్యమవుతోంది. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్లకు ఒసిమెర్టినిబ్ అనే కొత్త మాత్రతో సగం మంది మూడేళ్లకు పైగా బతికారు. అది ఖరీదైంది. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు మనలాంటి వాళ్ల జేబును దృష్టిలో పెట్టుకుని, చవకగా దొరికే జెఫిటినిబ్‌కు కీమో జోడించి 350 మందిలో పరీక్షించారు. ఒట్టి మాత్రతో 8 నెలలు అదుపులో ఉన్న జబ్బు, రెండూ కలిపితే 16 నెలలు అదుపులో ఉంది. 2019లో ఈ ఫలితం ప్రకటించారు, నేను ఎంతోమందికి ఈ దారే చెప్పాను. ఏ మార్పూ లేకపోతే పీడీఎల్ వన్ ఎంతుందో చూసి ఇమ్యూనోథెరపీ, కీమో, లేదా రెండూ. ఇమ్యూనోథెరపీ అంటే మన ఒంట్లోని రక్షక కణాలకు క్యాన్సర్ వేసిన బ్రేకును తీసేయడం, ఆ సంగతి కనిపెట్టిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. ఆ మందు కోసం పొలం అమ్మేముందు అది మీ అమ్మగారికి ఎంతవరకు పనిచేస్తుందని రిపోర్టు చెబుతోందో డాక్టరును సూటిగా అడగండి.

నీటిలో కణాలు లేవని తేలి, ఇంకెక్కడా లేకపోతే, అది వేరే కథ. మొదటి రెండు దశల్లో గడ్డ ఉన్న భాగాన్ని ఆపరేషన్‌తో తీసేస్తారు, నయం కావడానికి అదే మంచి అవకాశం. ఆ తర్వాత అవసరాన్ని బట్టి కీమో, మాత్ర. మూడో దశలో చాలామందికి కీమోతో పాటు రేడియేషన్, మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. ఆ కరెంటుకు ఒళ్లు కాలిపోతుందని భయపడతారు, ఇప్పటి మెషీన్లు గడ్డ మీదకే గురిపెడతాయి, మింగేటప్పుడు మంట, నీరసం లాంటివి మాత్రం ఉంటాయి.

ఇందాక చెప్పిన ఈజీఎఫ్ఆర్ మాత్ర ఇస్తే మొహం మీద మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి, విరేచనాలు అవుతాయి, గోళ్ల పక్కన చీము పడుతుంది. మందు పడలేదని ఆపేయకండి, వీటికి వేరే మందులున్నాయి. కానీ మాత్ర మొదలుపెట్టాక కొత్తగా ఆయాసం, పొడి దగ్గు పెరిగితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి, అరుదే అయినా ఊపిరితిత్తులు వాచిపోవడం ప్రమాదం.

ఇప్పుడు నాన్నగారి సంగతి. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ భాగం చదివి వినిపించండి.

పొగాకు పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందని 1950లోనే బ్రిటన్‌లో డాల్, హిల్ అనే ఇద్దరు లండన్ ఆస్పత్రుల్లోని రోగులను అడిగి అడిగి చూపించారు. ఆ పొగలో క్యాన్సర్ తెచ్చే రసాయనాలు డెబ్బై దాకా ఉన్నాయి. సిగరెట్ చెడ్డది, చుట్ట మన ఆకుతో చుట్టుకున్నది కాబట్టి ఫరవాలేదు అనేది తప్పు, బీడీ కూడా అంతే. పక్కవాళ్లు వదిలిన పొగ పీల్చేవాళ్లకు ప్రమాదం ఇరవై ముప్ఫై శాతం పెరుగుతుంది. ఇది నిజం, ఆయన బాధ పోగొట్టడానికి నేను దాచను. అయితే ఆ ఇరవై ముప్ఫై శాతం అంటే ఏమిటో కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. పొగ తాగని ఆడవాళ్లలో ఈ జబ్బు మామూలుగా చాలా తక్కువ, ఆ కొంచెం మీద ఇంకో పావు వంతు పెరగడం అన్నమాట. ఇంట్లో మగవాళ్లు చుట్ట తాగిన లక్షలాది ఆడవాళ్లకు ఈ జబ్బు రాలేదు, పొగ వాసనే తెలియని ఇళ్లలో ఆడవాళ్లకు వచ్చింది.

మీ అమ్మగారు గ్యాస్ రాకముందు ఎన్నేళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఉంటారో లెక్కేయండి. గొట్టంతో ఊదుతూ, కళ్లు తుడుచుకుంటూ. పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర కట్టెల పొగ, పిడకల పొగ వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ సంస్థ, ఇంట్లో బొగ్గు మండించిన పొగ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేల్చింది, కట్టెల పొగను బహుశా తెస్తుందనే జాబితాలో పెట్టింది, 2013లో బయటి గాలి కాలుష్యాన్ని కూడా ఖాయంగా తెచ్చేవాటిలో చేర్చింది. చైనాలో షువాన్‌వెయ్ అనే ప్రాంతంలో పొగ తాగని ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ విపరీతంగా ఉండేది, కారణం ఇంట్లో మండించే, పొగ ఎక్కువొచ్చే బొగ్గు. పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టాక తగ్గింది. ఆస్‌బెస్టాస్ దుమ్ము, కొన్నిచోట్ల నేలలోంచి వచ్చే రాడాన్ వాయువు కూడా కారణాలే. పచ్చాకు కోతకు వెళ్లినప్పుడు వాంతులు, కళ్లు తిరగడం ఉంటాయే, అది చర్మం గుండా నికోటిన్ ఎక్కడం వల్ల. దాన్నీ దీన్నీ కలపకండి.

2023లో లండన్‌లోని క్రిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రచురించిన ఒక పరిశోధన నన్ను చాలా ఆలోచింపజేసింది. వయసు పెరిగేకొద్దీ మన ఊపిరితిత్తుల్లో కొన్ని కణాలకు ఈజీఎఫ్ఆర్ లాంటి మార్పులు ఊరికే వస్తుంటాయట, చాలావరకు అవి నిద్రపోతూ ఉండిపోతాయి. గాలిలోని సన్నటి దుమ్ము లోపలికి వెళ్లి వాపు పుట్టిస్తే ఆ వాపు నిద్రపోతున్న కణాలను లేపుతుందని ఎలుకల్లో చూపించారు. అంటే ఒక మనిషికి ఎందుకొచ్చిందంటే కణంలోని మార్పు, గాలి, పొయ్యి, వయసు, ఎన్నో కలిసి ఉండొచ్చు. నాన్నగారొక్కరి మీద ఈ బరువంతా పెట్టడానికి నా దగ్గర ఆధారం లేదు.

నాన్నగారు చేయగలిగిన పని మాత్రం ఒకటుంది, మానేయడం, ఈ రోజే. పొగ తాగే ఇంట్లో మీ అమ్మగారి దగ్గు, ఆయాసం ఎక్కువవుతాయి. ఆయన కోసం కూడా. డాల్ యాభై ఏళ్లు బ్రిటిష్ డాక్టర్లను గమనించి 2004లో రాసిందాని ప్రకారం, అరవై ఏళ్ల వయసులో మానేసినవాళ్లకు కూడా మూడేళ్ల ఆయుష్షు కలిసొచ్చింది, యాభైలో మానేస్తే ఆరేళ్లు. ఒక్కరే మానడం కష్టమైతే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సలహా లైను అది. ముప్ఫై ఏళ్లు తాగారు కాబట్టి ఆయన ఊపిరితిత్తులను కూడా ఒకసారి చూపించాలి. తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీతో ఇలాంటివాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఇరవై శాతం తగ్గాయని అమెరికాలో యాభై వేలకు పైగా మందిని పరీక్షించి 2011లో చెప్పారు. మన దగ్గర పాత టీబీ మచ్చలు ఎక్కువ కాబట్టి ఆ స్కాన్‌లో ఉత్తుత్తి అనుమానాలు కూడా ఎక్కువ వస్తాయి, అందుకే ఛాతీ డాక్టరును కలిసి మాట్లాడాకే తీయించండి. ఒట్టి ఎక్స్‌రే నార్మల్ వచ్చిందని ధైర్యం పడకండి.

మీ పిల్లల గురించి అడిగారు. ఇందాక చెప్పిన జీన్ మార్పు గడ్డలోని కణాల్లో మాత్రమే పుట్టింది, అమ్మ నుంచి మీకు, మీ నుంచి పిల్లలకు దిగేది కాదు. పుట్టుకతో వచ్చే రకం చాలా అరుదు. మీరు పరీక్షల కోసం పరుగెత్తాల్సిన పనిలేదు. ఇంట్లో పొగ లేకుండా చూసుకోండి, మూడు వారాలు దాటిన దగ్గును ఎవరికైనా సరే వదిలేయకండి, అంతే.

డబ్బు. మొదటి రోజే ఆస్పత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌కు వెళ్లి ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో కాగితం మీద రాయించుకోండి. మీకు దగ్గర్లో గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. కాస్త దూరమైనా పరవాలేదంటే విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి. ఎక్కడ మొదలుపెట్టినా వారం వారం వెళ్లిరాగలిగే దూరం చూసుకోండి, పెద్ద పేరు కన్నా అది ముఖ్యం. మందుల ధర విషయంలో, 2019లో కేంద్రం కొన్ని క్యాన్సర్ మందుల మీద వ్యాపారుల లాభానికి పరిమితి పెట్టాక ఎర్లోటినిబ్ లాంటివి బాగా దిగివచ్చాయి, ఒసిమెర్టినిబ్ మీద 2024లో దిగుమతి సుంకం ఎత్తేశారు. ఒకే మందు ఒక్కో కంపెనీది ఒక్కో ధర ఉంటుంది, డాక్టరును "ఇదే మందు తక్కువ ధరలో ఏ కంపెనీది రాస్తారు" అని అడగడానికి మొహమాటపడకండి.

పసరు ఇచ్చే ఆయన గురించి పెదనాన్నగారితో గొడవ పెట్టుకోకండి. "ముక్క రిపోర్టు వచ్చేదాకా ఆగుదాం పెదనాన్నా, ఏం జబ్బో తెలియకుండా ఏ మందని తాగిస్తాం" అనండి, ఆయనకూ అర్థమవుతుంది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. కొన్ని నాటు మందుల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, నాలుగు రోజులు ఆకలి పుట్టి తగ్గినట్టే ఉంటుంది. కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి, ఆ తర్వాత మేం ఇవ్వాల్సిన మందు ఇవ్వలేకపోతాం.

అమ్మకు చెప్పాలా వద్దా. నా అభిప్రాయం చెబుతాను, మీ అమ్మ మనసు మీకే బాగా తెలుసు. చెప్పండి. ఒకేసారి అన్నీ కాదు. "అమ్మా, టీబీ అనుకున్నాం, మందులకు తగ్గలేదు, వేరే జబ్బేమో చూడాలంటున్నారు. రిపోర్టు వచ్చాక నీకు అన్నీ తెలుసుకోవాలని ఉందా, మేం చూసుకోవాలా?" అని అడగండి. ఆవిడ ఏమంటే అదే చేయండి. నేను చూసినంతలో చాలామంది అమ్మలకు ముందే తెలిసిపోతుంది, క్యాన్సర్ ఆస్పత్రి బోర్డు చదవలేకపోయినా అక్కడి జనాన్ని చూస్తే అర్థమవుతుంది, పిల్లలు బాధపడతారని తెలియనట్టు ఉంటారు. మీరు ఒక గదిలో ఏడవడం, ఆవిడ ఇంకో గదిలో ఏడవడం, ఇది నేను ఎన్ని ఇళ్లలో చూశానో.

నొప్పికి, ఆయాసానికి, నిద్రకు, మనసుకు చూసే పాలియేటివ్ డాక్టర్లు ఉంటారు. ఆఖర్లో కాకుండా మొదటి నెలలోనే వాళ్లను కలవండి. 2010లో అమెరికాలో పాకిపోయిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లలో కొందరికి మొదటి నుంచే ఈ సాయం అందిస్తే వాళ్లు హాయిగా ఉండటమే కాదు, ఎక్కువ రోజులు కూడా బతికారు, సగటున దాదాపు మూడు నెలలు. నొప్పికి మార్ఫిన్ ఇస్తే అలవాటైపోతుందని భయపడకండి, డాక్టరు చెప్పిన మోతాదులో అది మనిషిని నిద్రపోనిస్తుంది, తిననిస్తుంది.

తిండి విషయంలో పథ్యాలు పెట్టకండి. గుడ్డు, పెరుగు, పప్పు, చేప, ఆవిడకు ఏది సయిస్తే అది, ఒకేసారి పళ్లెం నిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా.

మధ్యలో ఇవేవైనా కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి: మొహం, మెడ ఉబ్బడం, రక్తం గుక్కెడు పడటం, కాళ్లలో బలం పోవడం లేదా మూత్రం ఆగిపోవడం, ఫిట్స్, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం.

రిపోర్టు వచ్చాక దాని కాపీ, పెట్ స్కాన్ రిపోర్టు, వాడుతున్న మందుల పేర్లు నాకు పంపండి, పేరు, ఫోన్ నంబరు కొట్టేసి పంపండి చాలు. ఆస్పత్రికి వెళ్లే రోజు నాన్నగారిని ఇంట్లో వదిలేయకండి, వెంట తీసుకెళ్లండి, మందుల సంచి ఆయన చేతికివ్వండి.